చదివిన ఫిజిక్సే మళ్ళీ

మా ఆయన మూడో తరగతిలోంచి లేచి నేరుగా అయిదో తరగతిలో కూర్చున్న మనిషి. దాన్ని డబుల్ ప్రమోషన్ అనేవారు. వాళ్ళ ఊరి బళ్ళో అది ఆయన ఒక్కరికే ఇచ్చారట. పెళ్ళిచూపులనాడు మా నాన్నకి ఆయన గురించి చెప్పిన మొదటి సంగతి అదే, ఉద్యోగం సంగతి ఆ తర్వాత చెప్పారు. నాలుగో తరగతిలో జిల్లాల పాఠాలు ఉంటాయి. అందుచేత కడపకి పడమర ఏ జిల్లా ఉందో ఆయనకి ఇవాళ్టికీ తెలియదు. ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. నలుగురిలో అడిగి చూశాను.

డెబ్బైల చివర్లో మేము న్యూజెర్సీ వచ్చినప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. గుంటూరులో మూడో తరగతి చదువుతుంటే మధ్యలో మాన్పించి తీసుకొచ్చాం. ఇక్కడి బళ్ళో ఒకావిడ ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తూ ఇదేమిటి, అదేమిటి అని అడిగింది. పిల్ల నోరు విప్పలేదు. కుందేలు బొమ్మ దగ్గర ఆవిడ చాలాసేపు ఆగింది కూడా. ఆ ముందు రోజే అపార్ట్‌మెంట్ వెనక గడ్డిలో కుందేలు కనబడితే ఇంగ్లీషులో అరుస్తూ దాని వెంట పడ్డ పిల్ల, ఆవిడ ముందు మాత్రం పెదవి కదపలేదు. తీసుకెళ్ళి రెండో తరగతిలో వేశారు. "అమ్మాయి మేలు కోసమే" అన్నాడు ప్రిన్సిపాలు. మా ఆయన కారెక్కేదాకా ఆగి, "నాకు డబుల్ ప్రమోషన్, నా కూతురికి డిమోషన్" అన్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అదే మాట అన్నారు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రస్తావన వచ్చేది. నాకు దాన్నిబట్టే ఇంక లేవబోతున్నాం అని తెలిసేది.

ఆ పిల్లే ఎనభైల చివర్లో హైస్కూలు ఆఖరు సంవత్సరంలో కాలేజీ స్థాయి లెక్కలు, కాలేజీ స్థాయి ఫిజిక్సు తీసుకుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇక్కడ తెలివైన పిల్లలకి హైస్కూల్లోనే కాలేజీ పాఠం చెప్పేసి, మే నెలలో దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టి, ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వేస్తారు. మంచి మార్కు వస్తే కాలేజీవాళ్ళు ఆ కోర్సు నువ్వు చదివేసినట్టే అని క్రెడిట్ ఇస్తారు. అది తీసుకుని నేరుగా పై కోర్సులో కూర్చోవచ్చు. వద్దనుకుంటే మొదటినుంచీ మళ్ళీ చదువుకోవచ్చు. మా అమ్మాయికి లెక్కల్లో అయిదు, ఫిజిక్సులో నాలుగు వచ్చాయి. ఇంజనీరింగులో సీటు ముందే వచ్చింది. రెండు క్రెడిట్లూ తీసుకుని, వేసవి క్లాసులు కూడా చదివితే నాలుగేళ్ళ డిగ్రీ మూడేళ్ళలో అయిపోతుంది. ఈ లెక్క మా ఆయన మార్కుల కవరు చింపకముందే వేసుకుని ఉన్నారు.

"ఒక ఏడాది," అన్నారు. "ఆ రోజు లాక్కున్న ఏడాది. వాళ్ళంతట వాళ్ళే తెచ్చి చేతిలో పెడుతున్నారు."

"లాక్కున్నది ఎలిమెంటరీ స్కూలు. ఇస్తున్నది ఇంజనీరింగ్ కాలేజీ," అన్నాను.

"రెండూ ఈ దేశంలోవేగా!"

నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో తర్వాత ఆలోచించుకున్నాను. మా ఇంట్లో ఎవరైనా ఒక మాట అంటే దానికి ఎదురు మాట పడాలి, లేకపోతే అది గోడక్కొట్టిన మేకులాగా అక్కడే ఉండిపోతుంది. ఆ పని మొదటినుంచీ నాది. నేను బీయస్సీ లెక్కలు చదివాను, అప్పటికే ఒక ఇన్సూరెన్సు కంపెనీలో ప్రోగ్రాములు రాస్తున్నాను. కాబట్టి కారణాలు వెతకడం పెద్ద కష్టం కాలేదు. హైస్కూలు మేష్టరు చెప్పింది వేరు, కాలేజీలో అడిగేది వేరు అన్నాను. పద్ధెనిమిదేళ్ళ పిల్లని రెండో ఏడు వాళ్ళ మధ్య కూర్చోబెడితే బెదిరిపోతుంది అన్నాను. జిల్లాల సంగతి కూడా ఎత్తాను.

"కడపకి పడమర ఏముందో తెలియక నా ఉద్యోగం ఊడిందా?" అన్నారు ఆయన.

ఎడిసన్‌లో స్నేహితుల ఇంట్లో శనివారం భోజనాలప్పుడు ఈ విషయం హాల్లో చర్చకి వచ్చింది. అక్కడున్న మగవాళ్ళంతా ఇంజనీర్లే కనక అందరూ ఓటు వేశారు. తీసుకోమన్నవాళ్ళు ఎక్కువ. నేను వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి వాదించాను. నెగ్గాననే నా ఉద్దేశం. మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని వాళ్ళ పిల్లలతో పేకాడుతోంది. తనని ఎవరూ అడగలేదు. తన తరఫున వాదించే హడావిడిలో నేనూ అడగలేదు.

జూలై చివర్లో కాలేజీవాళ్ళు కొత్త పిల్లల్ని ఒక రోజు పిలిచారు. ఒక్కొక్కరూ వెళ్ళి అడ్వైజర్‌ని కలిసి ఏ కోర్సులు చదవాలో చెప్పించుకోవాలి. తల్లిదండ్రులకి వేరే గదిలో కాఫీ ఉందన్నారు. మేము తాగే వచ్చామని చెప్పి పిల్ల వెనకాలే లోపలికి వెళ్ళాం. ఆ అడ్వైజరు నిక్కరు వేసుకుని ఉన్నాడు. ఎర్ర గడ్డం. మా ఆయన ఆ నిక్కరు చూసి కాసేపు తేరుకోలేదు.

అతను మార్కులు చూసి, "బాగున్నాయి. క్రెడిట్ తీసుకుంటారా, మానేస్తారా, మీ ఇష్టం," అన్నాడు పిల్లతో.

"ఏది మంచిది?" అన్నారు మా ఆయన.

"కొందరు తీసుకుంటారు. కొందరు తీసుకోరు."

"మీరైతే ఏం చేస్తారు?"

"నేను చదవబోవడం లేదు కదా," అన్నాడు అతను, మర్యాదగానే. "అమ్మాయి ఇష్టం. క్లాసులు మొదలయ్యే ముందు చెబితే చాలు. ఒకసారి తీసుకున్నాక మాత్రం వెనక్కి ఇవ్వడం కుదరదు."

బయటికొచ్చి పార్కింగ్ లాట్‌లో కారు వెతుక్కుంటుంటే మా ఆయన, "వీడేదో దాస్తున్నాడు," అన్నారు.

"ఏం దాస్తాడు?"

"సీట్లో కూర్చున్నవాడు నీ ఇష్టం అన్నాడంటే దాని వెనక ఏదో ఉంటుంది. మనకి ఇక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ లేరని కనిపెట్టేశాడు."

"నాన్నా, హీ వజ్ జస్ట్ బీయింగ్ నైస్," అంది పిల్ల.

"అదే నేను చెప్పేది," అన్నారు ఆయన.

అప్పటినుంచి తెలిసినవాళ్ళ వేట మొదలైంది. మా ఆయన ఆఫీసులో ఒకాయన తోడల్లుడికి స్నేహితుడు, ఆ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరు, మన గుంటూరాయనే అని తేలింది. ఆయన చేత ఒక మాట చెప్పిస్తే పని అయిపోతుందన్నారు.

"ఏ పని? వాళ్ళు ఏదీ కాదనలేదు కదండీ," అన్నాను.

"ముందు మనిషి దొరకనీ. మాట తర్వాత చూసుకోవచ్చు."

దొరికాడు కనక ఒక ఆదివారం నేను సున్నుండలు చేశాను. కొబ్బరినూనె డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాం, వాసన రాకుండా వేడినీళ్ళతో కడిగే. కాలేజీ మా ఇంటికి గంటన్నర దూరం, ప్రొఫెసరు గారిల్లు దాని పక్క ఊళ్ళో. తలుపు తీసినావిడ ఆయన భార్య. మమ్మల్ని చూసీ చూడగానే, "టీవీనా, వీసీఆరా?" అంది. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏది చెడిపోయినా బేస్‌మెంటులో ఆయన బాగుచేసి పెడతారట.

"కాదక్కయ్యగారూ, అమ్మాయి," అన్నాను.

ప్రొఫెసరు గారు బేస్‌మెంటులోనే ఉన్నారు, వెనక మూత ఊడదీసిన రెండు టీవీల మధ్య. మా ఆయన మొత్తం కథ రెండో తరగతి దగ్గర్నుంచీ మొదలుపెట్టి చెప్పారు. ఆయన ఓపిగ్గా విని, "నా చేతిలో ఏమీ లేదండీ. నాది వేరే డిపార్ట్‌మెంటు," అన్నారు.

"మీరు అలాగే అంటారు సార్."

"నిజంగానే లేదు. అది అమ్మాయి ఇష్టం, అంతే."

"పెద్దవాళ్ళు అలాగే అంటారు సార్," అన్నారు మా ఆయన, ఇంకా వినయంగా. ఆయన లేదన్నకొద్దీ మా ఆయన కళ్ళల్లో ఆ ప్రొఫెసరు డీన్ స్థాయికి పెరిగిపోతున్నాడు. నేను కల్పించుకోకపోతే సాయంత్రానికి గవర్నరు అయ్యేవాడు.

"ఒక మాట చెప్పించడానికి రాలేదండీ," అన్నాను. "దీనికి వచ్చో రాదో చూసి చెప్పండి. అది మీ చేతిలో ఉంది కదా."

ఆయనకి ఆ మాట నచ్చింది. మా అమ్మాయిని స్టూలు మీద కూర్చోబెట్టి లెక్కల్లో నాలుగైదు ప్రశ్నలు అడిగారు. రెండు నోటితోనే చెప్పింది. ఒకటి కాగితం మీద చేసింది. ఆయన ఆ కాగితం నా వైపు తిప్పారు. నేను తప్పు వెతికాను. దొరకలేదు. "లెక్కలు తీసేసుకోమ్మా. మళ్ళీ కూర్చుంటే నిద్రపోతావు," అన్నారు.

మా ఆయన నా వైపు చూశారు. నేను టీవీ వైపు చూశాను.

"ఇంక ఫిజిక్సు," అంటూ ఆయన బల్ల మీద ఒక బ్యాటరీ, ఒక చిన్న బల్బు, కాసిని వైర్లు, ఒక మీటరు పెట్టారు. "ఈ బల్బులో కరెంటు ఎంత పోతోందో చూడాలంటే మీటరు ఎక్కడ పెడతావు?"

"సిరీస్‌లో, అంకుల్," అంది వెంటనే. సర్క్యూట్ ఎక్కడ తెంపాలో, మీటరు రెసిస్టెన్స్ ఎందుకు తక్కువ ఉండాలో కూడా చెప్పింది.

"వెరీ గుడ్. పెట్టు."

చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. మీటరు వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత ఒక వైరు తీసి, దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియక, పరాయివాళ్ళ చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతోనూ పట్టుకుంది. మీటరు మీద తిప్పే బిళ్ళ ఒకటి ఉంటుంది. దాన్ని ముట్టుకోనేలేదు.

"స్కూల్లో ల్యాబ్ లేదా అమ్మా?" అన్నారు ఆయన.

"ఉంది. ప్రతి వారం చేశాం."

"మరి?"

"నలుగురం అంకుల్. ముగ్గురు బాయ్స్, నేను. వాళ్ళు కనెక్ట్ చేస్తారు. నేను రీడింగ్స్ రాస్తాను. నా హ్యాండ్‌రైటింగ్ నీట్‌గా ఉంటుంది అని."

"ఏడాదంతా?" అన్నాను.

"ఏడాదంతా."

"ఒక్కసారైనా నేను చేస్తానని అనలేదే?"

"అమ్మా, మా గ్రూప్‌కే హైయెస్ట్ వచ్చేది," అంది, ఆ మాటతో కేసు కొట్టేసినట్టు.

బీయస్సీలో మా ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో అటెండరు అన్నీ అమర్చి పెట్టేవాడు, మేము చుట్టూ నిలబడి చూసేవాళ్ళం. అది గుంటూరు కనక, మేము ఆడపిల్లలం కనక అనుకున్నాను. ఇన్ని వేల మైళ్ళు వచ్చి, గ్రీన్ కార్డు తెచ్చుకుని, నా కూతురు కూడా చుట్టూ నిలబడే చూసింది. కాకపోతే ఇది రాసిపెట్టింది కూడా. నాకు అక్కడ ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవాలని ఉంది, ఎదురుగా టీవీలు తప్ప ఎవరూ లేరు.

ప్రొఫెసరు గారు మీటరు పక్కకి పెట్టేశారు. "చూడమ్మా. ఫిజిక్సు క్రెడిట్ తీసుకుంటే ల్యాబు కూడా చేసినట్టే లెక్క. రెండో ఏడు సర్క్యూట్స్ ల్యాబులో కూర్చుంటావు. అక్కడ మీటరు ఎలా పట్టుకోవాలో ఎవరూ చెప్పరు, వచ్చే ఉంటుంది అనుకుంటారు. మొదటి ఏడు ల్యాబులో అందరూ తప్పులు చేస్తారు, ఎవరూ పట్టించుకోరు. అదే తప్పు రెండో ఏడు చేస్తే పక్కవాళ్ళు వైరు నీ చేతిలోంచి తీసేసుకుంటారు."

"అయితే వద్దంటారా?" అన్నారు మా ఆయన.

"నేను అనకూడదండీ. అమ్మాయి ఇష్టం."

అంత దూరం కారు నడుపుకుని, సున్నుండలు ఇచ్చి, తెలిసినవాడి చేత కూడా అదే మాట అనిపించుకున్నాక మా ఆయన ముఖం చూడవలసిందే. ప్రొఫెసరు గారి భార్య కాఫీ పోసి, "ఈ నెలలో మీరు మూడోవాళ్ళు. ఈయన చేత ఏదో ఒకటి అనిపిద్దామని నేనూ చూస్తున్నాను," అంది.

తిరుగు ప్రయాణంలో టోల్ దాటాక మా ఆయన మొదలుపెట్టారు.

"మీటరు పట్టుకోవడానికి ఒక ఏడాది ఎందుకు? బేస్‌మెంటులో నేను నేర్పిస్తాను. ఒక్క శనివారం చాలు."

"మీరా? పోయిన నెల మన ఇంట్లో ఫ్యూజు మార్చింది ఎవరు?" అన్నాను.

"నేను మెకానికల్!"

"ఫ్యూజు మార్చడం కూడా మెకానికలే. మూత తీసి మూత పెట్టాలి."

"నువ్వు ఇందులో నెగ్గాలని చూస్తున్నావు."

"నేను కాదండీ, ఆయన మాటలు చెబుతున్నాను."

"ఆయన అమ్మాయి ఇష్టం అన్నాడు! ఆయన అన్నది అదొక్కటే!" అని స్టీరింగు మీద కొట్టారు. "వాళ్ళు ఇస్తానంటున్నారు. మనకి రావలసిందే ఇస్తున్నారు. ఎనిమిదేళ్ళ పిల్లని తీసుకెళ్ళి రెండో తరగతిలో..."

"నాన్నా," అంది పిల్ల వెనక సీట్లోంచి. "నాకు ఆ క్లాస్ ఇష్టం."

మా ఆయన అద్దంలోంచి వెనక్కి చూశారు.

"ఏ క్లాసు?"

"సెకండ్ గ్రేడ్. నువ్వు ఎప్పుడూ అదే చెప్తావ్, నాకు ఇన్సల్ట్ అయిందని. నాకేం అవలేదు. అక్కడ చెప్పేవన్నీ నాకు ముందే వచ్చు కదా. మ్యాథ్స్ అంతా వచ్చు. సో నేను ఇంగ్లీషు ఒక్కటే వినేదాన్ని. థర్డ్‌లో వేసి ఉంటే నేను ఇంకా మాట్లాడేదాన్ని కాదేమో."

"అంటే?"

"అంటే మ్యాథ్స్ తీసుకుంటాను. ఫిజిక్స్ వద్దు. మళ్ళీ చేస్తాను. ఆన్సర్స్ నాకు వచ్చు కాబట్టి, ఈసారి చేతులు చూసుకుంటాను."

నేను ఏదో అనబోయాను. "అమ్మా, నువ్వు కూడా ప్లీజ్," అంది. అది ఆ వేసవిలో తను నన్ను అడిగిన ఏకైక కోరిక కనక నోరు మూసుకున్నాను. మూసుకోవడం నాకూ చేతనవుతుందని మా ఆయన ఆ రోజే చూశారు.

ఆయన తర్వాతి ఎగ్జిట్ దగ్గర, "నాలుగేళ్ళు పడుతుంది," అన్నారు, అంతే.

"అందరికీ నాలుగేళ్ళే నాన్నా."

ఆగస్టులో మళ్ళీ ఆ అడ్వైజరు దగ్గరికి వెళ్ళాం. ఈసారి ప్యాంటు వేసుకున్నాడు. "లెక్కలు తీసుకుంటాను, ఫిజిక్స్ తీసుకోను," అని మా అమ్మాయి చెప్పింది. "ష్యూర్," అన్నాడు. దాదాపు నెల రోజులు మా ఇంట్లో వంట సరిగ్గా జరగనివ్వని విషయం ఆ ఒక్క మాటతో ముగిసింది. మా ఆయనకి అది సరిపోలేదు. "మేము మీ ఎలక్ట్రికల్ ప్రొఫెసరు గారితో కూడా మాట్లాడాం," అన్నారు. "చాలా మంచిది," అన్నాడు అతను, అది ఎవరో కూడా అడక్కుండా.

సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ నుంచి ఫోను వచ్చింది. ముందు మా ఆయన తీశారు. మొదటి ల్యాబు అయిందట. లోలకం. దారానికి గుండు కట్టి, ఊగించి, ఇరవై ఊపులకి ఎంతసేపు పట్టిందో చూసి, దాన్నుంచి భూమ్యాకర్షణ విలువ లెక్కకట్టాలి.

"ఎంతొచ్చింది?" అన్నారు ఆయన. విని కుర్చీలోంచి లేచారు. "పది పాయింట్ ఎనిమిదా? తొమ్మిది పాయింట్ ఎనిమిది కదా రావలసింది! మరి అది రాసి ఇచ్చావా? ఇచ్చేశావా?"

ఆయన కంగారు నాకు అర్థమైంది. మా రోజుల్లో గుంటూరు నుంచి విశాఖపట్నం దాకా ఏ కాలేజీలో ఏ లోలకం ఊపినా సెంటీమీటర్ల లెక్కలో తొమ్మిది వందల ఎనభై ఒకటే వచ్చేది. జవాబు ముందు రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి రీడింగులు వేసేవారు. అందులో దొంగతనం ఉందని ఎవరికీ తోచేది కాదు. భూమి పరువు కాపాడుతున్నామనే అనుకునేవారు.

"వచ్చింది రాశాను నాన్నా," అంటోంది పిల్ల. రిసీవరు ఇద్దరికీ వినబడేట్టు పట్టించి నేనూ చెవి ఆనించాను. "ఎందుకు తప్పొచ్చిందో కూడా రాశాను. గుండు వదిలేటప్పుడే వన్ అనేశాను. అప్పుడు జీరో అనాలి. సో ట్వెంటీ అనుకున్నది నైంటీన్."

"మార్కులు?"

"పదికి ఆరు."

ఆయన రిసీవరు నా చేతిలో పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"దారం ఎవరు కట్టారే?" అన్నాను.

"నేనే. ఫస్ట్ టైమ్ ఊడిపోయింది. గుండు వాడి షూ మీద పడింది."

"ఎవడి షూ?"

"పార్ట్‌నర్. ఏం అనలేదులే."

"లెక్కపెట్టింది?"

"నేనే అని చెప్పాగా అమ్మా."

"సరే. అన్నం తిన్నావా?"

"పిజ్జా తిన్నాను."

కిటికీ దగ్గర్నుంచి మా ఆయన, "ఇంకోసారి చేసి ఇస్తానని అడగమను. తొమ్మిది మార్కుల దాకా వేస్తారేమో," అన్నారు. అదే చెప్పాను. వచ్చే వారం ఇంకో ప్రయోగం ఉందనీ, దానికి వాలుబల్ల తను ముందే చూసి వచ్చిందనీ చెప్పింది. వెనకాల ఎవరో పిల్ల ఫోను కోసం నిలబడి ఉందట, పెట్టేసింది.